పాత కుర్చీలు, మంచాలు, సోఫాలు బాగుచేయించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారేటప్పుడు, ఊళ్లో తాతగారి ఇల్లు పడగొట్టేటప్పుడు, అన్నదమ్ముల పంపకాలయ్యాక పాత సామాను అరుగు మీదికి వస్తుంది. దాన్ని తూకానికి ఇచ్చేసేముందు, లేదా మరొకరి అరుగు మీది నుంచి మీరు కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు ఇవి. ఇంట్లో వాడుకునేవాళ్లకీ, బాగుచేసి అమ్మాలనుకునేవాళ్లకీ కలిపి రాశాను. పాత వస్తువు మీద ఎంత తక్కువ చెయ్యి పెడితే అంత మంచిదని నా నమ్మకం. జవాబుల్లో అది పదేపదే కనిపిస్తుంది.

ఏది బాగుచేయించుకోవాలి, ఏది వదిలేయాలి?

ముందు తిరగేసి చూడండి. పైభాగం పాలిష్‌తో, గుడ్డతో మోసం చేస్తుంది. అడుగుభాగానికి ఎవరూ పాలిష్ వేయరు కాబట్టి అసలు కర్ర అక్కడే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో కాళ్ల అడుగున, మూలల్లో మెల్లగా పొడవండి. గట్టిగా ఎదురిస్తే సరే. మెత్తగా దిగబడితే లోపల పురుగో చెదో తినేసిందని అర్థం. తర్వాత రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కదలడం పెద్ద జబ్బు కాదు, అతుకుల్లో బంక వదిలిందంతే. కాలు అతుకు దగ్గరే చీలిపోయి ఉంటే మాత్రం ఆ కాలు కొత్తది చేయించాలి.

గుడ్డ, ఫోమ్, బెత్తం, నవారు, పాలిష్ అన్నీ మార్చుకోగలిగినవే. కర్ర ఒక్కటే మార్చలేం. అందుకే చిరిగిపోయి అసహ్యంగా ఉన్న టేకు సోఫా, మెరిసిపోతున్న పార్టికల్ బోర్డు సోఫా రెండూ ఒకే ధరకు దొరికితే చిరిగినదే తీసుకోండి. పార్టికల్ బోర్డు ఒకసారి తడిసి ఉబ్బితే మళ్లీ స్క్రూ పట్టదు. దాని మీద పెట్టిన కూలీ వృథా.

టేకో కాదో ఎలా పోల్చుకోవాలి?

అడుగున కనపడనిచోట కాస్త గీకి చూడండి. టేకు బంగారు గోధుమరంగులో ఉంటుంది, వేలికి కొంచెం జిడ్డుగా తగులుతుంది, తోలు వాసనను గుర్తుచేసే వాసన వస్తుంది. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, ఊదా కలిసిన ముదురు గోధుమరంగులో నల్లటి చారలతో, టేకు కంటే బరువుగా ఉంటుంది. నల్లమద్ది కూడా బరువే. పల్లెల్లో మంచాలకు, పీటలకు వేప, తుమ్మ, మామిడి కూడా వాడారు.

"బర్మా టేకండీ" అన్న మాటకు ఎక్కువ ధర ఇవ్వకండి. బర్మా, బల్హార్షా, గోదావరి అని డిపోల్లో చెప్పే తేడాలు పాత పాలిష్ కింద ఉన్న కుర్చీలో తేల్చిచెప్పడం చాలా కష్టం. కర్రకు చేవ ఉందా, తెల్లచెక్క ఎంత కలిసింది అన్నదే చూడండి. చేవ ఉన్న టేకును చెద త్వరగా ముట్టదు. అదే టేకు చెట్టులో బెరడును ఆనుకుని ఉండే తెల్లచెక్కను పురుగు ఇష్టంగా తింటుంది.

చిన్న చిన్న రంధ్రాలున్నాయి. పురుగు ఇంకా ఉందా?

వస్తువు కింద నల్ల కాగితం పరిచి వారం పది రోజులు కదపకుండా ఉంచండి. కాగితం మీద మెత్తటి పిండి రాలితే పురుగు పని చేస్తోంది. రాలకపోతే అవి చాలావరకు పాత రంధ్రాలే. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, పిండిలాంటి పొడి ఉంటే కర్రను తొలిచే పురుగు. మట్టి పూతలు, మట్టి దారులు కనిపిస్తే చెద.

పాలిష్ ఉన్న కర్ర మీద మందు పూస్తే లోపలికి ఇంకదు. మందు పోయవలసింది రంధ్రాల్లోకీ, పాలిష్ లేని అడుగుభాగానికీ. రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించి, తర్వాత మైనంతో మూస్తారు. పాలిష్ గీకేసిన కర్రకైతే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి. చెద అయితే వస్తువుకు మందు పూసి ఊరుకోకండి, అది వస్తున్న గోడనో నేలనో చూడాలి. పిల్లలు పడుకునే మంచానికి, ఉయ్యాలకు ఘాటైన పురుగుమందులు వద్దు.

పాత సోఫాతో నల్లులు వస్తాయని భయం.

భయపడటం సరైనదే. గుడ్డను, ఫోమును, పీచును వీధి బయటే విప్పించి పారేయండి. ఒట్టి కర్రను మాత్రమే ఇంట్లోకి తేవాలి. అతుకుల్లో, మేకుల సందుల్లో వేడి ఆవిరి పట్టించి, రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూడండి. ఎండలో పడేస్తే చాలదు. పైన కాలినా సందుల్లోకి ఆ వేడి చేరదు.

పాత పాలిష్ మొత్తం గీకేయాలా?

చాలాసార్లు అక్కర్లేదు. పనివాళ్లు మొదట చెప్పే మాట "మెషీన్ పెట్టి గీకేద్దాం సార్" అనే. మెషీన్ పెడితే వాళ్ల పని ఒక పూటలో అయిపోతుంది, కానీ అంచులు గుండ్రబడతాయి, చెక్కడాల వాడి పోతుంది, దశాబ్దాల వాడకంతో కర్రకు వచ్చిన రంగు పొడిగా రాలిపోతుంది. ఆ రంగును ఏ డబ్బాలోనూ కొనలేరు.

ముందు మెత్తటి గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి తుడవండి. పేరుకున్న జిడ్డు, మైనం, పొగ పోయాక చాలా వస్తువులు బాగానే ఉంటాయి. ఆ తర్వాత కూడా బాగులేదనిపిస్తే, ఏ పాలిష్ వేశారో తెలుసుకోండి. కనపడనిచోట స్పిరిట్‌తో తడిపిన దూదిని పెట్టి ఒక నిమిషం ఆగండి. జిగటగా కరిగితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. కరగకపోతే థిన్నర్‌తో అదే పరీక్ష చేయండి. దానికి కరిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్. రెండింటికీ కరగకపోతే మెలమైన్ లేదా పీయూ (పాలీయురేథేన్) అనే గట్టి రసాయన పూత కావచ్చు.

ఈ పరీక్షకు పెట్టే రెండు నిమిషాలు బోలెడు కూలీని మిగులుస్తాయి. ఫ్రెంచ్ పాలిష్‌ను గీకవలసిన పనే లేదు. స్పిరిట్‌తో కరిగించి, సర్ది, దాని మీదే మళ్లీ లక్క పాలిష్ పట్టించవచ్చు. వేడి గ్లాసు పెడితే వచ్చిన తెల్లటి మరక కూడా స్పిరిట్ చెమ్మ తగిలిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలావరకు తగ్గుతుంది.

నిర్మల్ చిత్రాలున్న పలకలు, బల్లలు దొరికితే వాటి జోలికి శాండ్‌పేపర్‌తో అసలు వెళ్లకండి. లక్క పూతతో తరిమెన (చెక్కను తిప్పి నునుపుచేసే లేత్) పట్టిన పాత ఉయ్యాల గొలుసుగుబ్బలకు, మంచం కోళ్లకు కూడా ఇదే మాట.

పాత పెయింటు గీకడం ప్రమాదమా?

అవును. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన తలుపులు, మంచాలు, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులవి, సీసం ఉన్నవనే అనుకుని పని చేయండి. పొడిగా గీకవద్దు, హీట్ గన్‌తో కాల్చవద్దు. తడి ఎమరీ పేపర్‌తో రుద్ది, వచ్చిన బురదను కాగితంతో తీసి పారేయాలి. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మామూలు చేతి రుమాలు ఈ దుమ్మును ఆపదు, కనీసం ఎన్95 మాస్కు కావాలి. టేకు దుమ్ము కూడా కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెస్తుంది.

మళ్లీ ఏ పాలిష్ వేయించాలి?

చెక్క పెట్టె, చెక్కడాల కుర్చీ, గోడవారన ఉండే బీరువా అయితే ఫ్రెంచ్ పాలిష్. అందంగా ఉంటుంది, ఎప్పుడైనా సర్దుకోవచ్చు, నీళ్లకు వేడికి మాత్రం ఆగదు. భోజనాల బల్లకు, పిల్లలు చదువుకునే బల్లకు మెలమైన్ లేదా పీయూ. ఎప్పుడూ చేతులు తగిలే కుర్చీ చేతులకు అవిసెనూనె, మైనం కలిపి పట్టిస్తే చాలు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవి ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే మండిపోవచ్చు. నీళ్లలో ముంచి, పరిచి ఆరేయాలి.

వానాకాలంలో లక్క, లాకర్ పాలిష్‌లు వద్దు. గాలిలో చెమ్మ పట్టి పూత తెల్లబారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు చేయించడం మేలు.

కుర్చీ కాళ్లు కదులుతున్నాయి. మేకు కొట్టిస్తే సరిపోతుందా?

వద్దు. మేకు కొట్టిన అతుకు కొన్నాళ్లకు చీలుతుంది. పాత కుర్చీలను వజ్రం అనే ఎముకల బంకతో అతికేవారు. అది వేడి నీటికి, ఆవిరికి మెత్తబడుతుంది. అతుకు విప్పి, పాత బంకను పూర్తిగా గీకి, ఒట్టి కర్ర తేలాక ఫెవికాల్ లాంటి తెల్ల బంక పట్టించి, బిగింపు పెట్టి ఒక రోజు వదిలేయాలి. పాత బంక మీద కొత్త బంక పట్టదు. "మళ్లీ ఊడిపోయింది" అనే ఫిర్యాదులు చాలావరకు ఇందుకే వస్తాయి. అతుకు వదులుగా ఉంటే అదే కర్ర పలచటి చెక్కను బంకతో కలిపి దూర్చాలి.

బెత్తం అల్లిన కుర్చీ చిరిగింది. ప్లాస్టిక్ వేయించమంటున్నారు.

వేయించకండి. ప్లాస్టిక్ వేసవిలో ఒంటికి అంటుకుంటుంది, సాగిపోతుంది, తెగిన చోట కోసుకుంటుంది. మన ఎండలకు గాలి ఆడే బెత్తం కంటే మంచి కూర్చునే చోటు లేదు. పాత ఆఫీసుల్లో, కోర్టుల్లో, వరండాల్లోని వాలు కుర్చీల్లో అదే వాడారు.

అయితే కుర్చీ చట్రం చూసి ఏ పని కావాలో తేల్చుకోవాలి. చట్రం చుట్టూ వరసగా రంధ్రాలుంటే అది చేత్తో అల్లే రకం. రంధ్రాలు లేకుండా చుట్టూ గాడి ఉంటే అది అల్లి ఉంచిన చాపను బిగించే రకం. రెండో రకం మీరే చేసుకోవచ్చు. చాపను అరగంట నీళ్లలో నానబెట్టి, గాడిలోకి ఒత్తి, బంక పెట్టి, పైన సన్నటి బెత్తం పుల్లతో బిగించాలి. ఆరేకొద్దీ అది దగ్గరకు లాక్కుని తప్పెటలా బిగుస్తుంది. ముందే గట్టిగా లాగి కొడితే ఆరాక చిరుగుతుంది.

చేత్తో అల్లే పని వేరు. రెండు నిలువు వరసలు, రెండు అడ్డ వరసలు, రెండు మూలవాటు వరసలు, చివర అంచు కట్టు. ఓపిక, వేళ్ల నేర్పు రెండూ కావాలి. మన దేశంలో చూపు లేనివారికి ఈ పనిని వృత్తిగా చాలాకాలం నేర్పారు, ప్రభుత్వ కార్యాలయాల కుర్చీలు వాళ్లే అల్లేవారు. మీ ఊళ్లో అలాంటి శిక్షణ సంస్థ ఉందేమో ముందు కనుక్కోండి. వాళ్లు అడిగిన ధరను బేరమాడకండి. ఆ పని చేసే చేతులు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి, మన పిల్లల కుర్చీలకు మనిషి దొరకాలంటే ఈ రోజు వాళ్లకు గిట్టుబాటు కావాలి.

బెత్తం ఎండిపోతే పెళుసవుతుంది. అప్పుడప్పుడు అడుగువైపు నుంచి తడిగుడ్డతో అద్దండి. బెత్తం కుర్చీ మీద నిలబడి ఫ్యాను తుడవకూడదు.

నవారు మంచం, నులక మంచం ఉంచుకోవాలా?

కోళ్లు, పట్టెలు గట్టిగా ఉంటే తప్పకుండా. నూలు నవారు ఇప్పటికీ దొరుకుతుంది, నైలాన్ కంటే అదే ఒంటికి హాయి. మంచం కొలత చూసి నవారు పొడవు లెక్కేసి కొంటే సగంలో ఆగిపోతారు. పాత నవారు విప్పి కొలిచి, దానికి కొంచెం ఎక్కువ తీసుకోండి. వరండాలో దివాన్‌లా వేసి రెండు దిండ్లు పెడితే ఆ మంచానికి వేరే అలంకారం అక్కర్లేదు. దాన్ని కోసి టీపాయి చేయడం నాకు నచ్చదు.

సోఫాకు ఏ ఫోమ్ వేయించాలి?

డెన్సిటీ అంకె అడిగి వేయించండి. 32 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని. అంకె పెరిగేకొద్దీ ఎక్కువకాలం కుంగకుండా ఉంటుంది. అయితే గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. 40 డెన్సిటీలోనే మెత్తనిది, గట్టిది రెండూ ఉంటాయి. కూర్చునే చోటుకు 40, వీపుకు 28 లేదా 32 తీసుకుంటే ఇంటికి సరిపోతుంది. ముక్కలను అదిమి చేసిన రీబాండెడ్ ఫోమ్ బరువుగా, గట్టిగా ఉంటుంది. అడుగున ఒక పొరగా వేసి పైన మెత్తటిది వేస్తే పెద్దవాళ్లు లేవడానికి సులువు.

ఎత్తు మర్చిపోకండి. మనిషి కూర్చున్నాక సీటు నేలనుంచి 17, 18 అంగుళాలు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో మరో అంగుళం పెంచండి. ఫోమును గలీబు కంటే పావు అంగుళం, అర అంగుళం పెద్దగా కోయిస్తేనే మూలలు నిండుగా వస్తాయి. ఫోముకూ గుడ్డకూ మధ్య పలచటి రెక్రాన్ (పాలిస్టర్ దూది) పొర వేస్తే గుడ్డ జారదు, ముడతలు పడదు.

పాత సోఫాలో చుట్టల స్ప్రింగులు ఉంటే పారేయొద్దు. సాధారణంగా తెగేది వాటిని కట్టిన పురికొస మాత్రమే. పనివాడికి స్ప్రింగు కట్టు వస్తే మళ్లీ కట్టిస్తే చాలు. కింద జనపనార పట్టీలు సాగిపోయి ఉంటే వాటినీ మార్చాలి. అది చేయకుండా పైన ఎంత మంచి ఫోమ్ వేసినా గుంటలు పడతాయి. పాత దిండ్లలో బూరుగు దూది కనిపిస్తే ఎండబెట్టి, ఏకించి మళ్లీ వాడుకోవచ్చు.

గుడ్డ ఎంత పడుతుంది?

సోఫా గుడ్డ సాధారణంగా 54 అంగుళాల పన్నాలో వస్తుంది. 22 అంగుళాల చదరపు దిండుకు, 4 అంగుళాల మందంతో, అంచు పట్టీ, జిప్పు కలుపుకుని సుమారు ఒక మీటరు. అయిదుగురు కూర్చునే కర్ర సోఫాకు సీటు దిండ్లు అయిదు, వీపు దిండ్లు అయిదు అనుకుంటే పది మీటర్లు. పెద్ద పువ్వులు, చారలు ఉంటే దిండుకూ దిండుకూ కలవాలి కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. మఖ్మల్ లాంటి నూగు గుడ్డను అన్ని దిండ్లకూ ఒకే వైపు కోయించాలి, లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లా కనిపిస్తుంది.

దుకాణంలో మార్టిండేల్ అంకె అడగండి. గుడ్డను ఎన్నిసార్లు రుద్దితే అరుగుతుందో చెప్పే పరీక్ష అది. రోజూ వాడే సోఫాకు 20,000 దాటినది మంచిది. నూలు గుడ్డయితే కుట్టకముందే ఉతికి ఆరేయండి, తర్వాత గలీబు కుదించుకుపోదు.

మంగళగిరి, పోచంపల్లి గుడ్డలు వాడొచ్చా?

చీర, డ్రెస్సు గుడ్డలు నేరుగా సీటుకు వేస్తే కుట్ల దగ్గర పోగులు జారిపోతాయి. లోపల గట్టి నూలు అస్తరు వేసి, వీపు దిండ్లకు, చేతి దిండ్లకు వాడండి. సీటుకు మందంగా నేసిన దుప్పటి రకాలు, జంపఖానాలు పనికొస్తాయి. భౌగోళిక గుర్తింపు ఉన్న వరంగల్ జంపఖానా బెంచీకి, స్టూలుకు బిగిస్తే చాలా ఏళ్లు మన్నుతుంది. ఎండ నేరుగా పడే చోట కలంకారీ వద్దు, రంగు వెలుస్తుంది.

రెగ్జిన్?

భోజనాల కుర్చీలకు, పసిపిల్లలున్న ఇంటికి సరే. చౌకరకం పీయూ పూత మన చెమటకు, వేడికి పొరలుగా ఊడుతుంది, తర్వాత దాన్ని ఆపే ఉపాయం లేదు.

పాత తలుపు, కుట్టుమిషన్ స్టాండు, భోషాణం పెట్టె ఎలా వాడుకోవచ్చు?

తలుపును భోజనాల బల్ల చేస్తే ఎత్తు 29 లేదా 30 అంగుళాలు పెట్టండి. తలుపు బరువు మోయగల కాళ్లు కావాలి, పైన చెక్కడాల గుంటలు ఉంటాయి కాబట్టి 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు వేయాలి. గొళ్లెం, గుబ్బలు తీసేయకండి. కుట్టుమిషన్ ఇనుప స్టాండుకు తుప్పు తీగబ్రష్‌తో తీసి, రెడ్ ఆక్సైడ్ వేసి, పైన టేకు పలక బిగిస్తే చదువుకునే బల్ల అవుతుంది. తొక్కుడు బల్ల కదలకుండా కట్టేయండి, పిల్లల వేళ్లు నలుగుతాయి. భోషాణానికి మూత పడిపోకుండా ఆపు బిగించడం తప్ప నేను ఇంకేమీ చేయనివ్వను. లోపల ముక్కిన వాసన వస్తుంటే రెండు రోజులు గాలికి ఉంచి, లోపలి గోడలకు పలచగా లక్క పూయండి, వాసన అక్కడితో ఆగుతుంది.

తెల్ల రంగు వేసి కొత్త ఫ్యాషన్‌గా మార్చొచ్చా?

ప్లైవుడ్, రబ్బరు కర్ర, అతుకులు పెట్టిన మామిడి చెక్క అయితే సంతోషంగా వేసుకోండి. చేవ ఉన్న టేకు మీద, జిట్రేగి మీద వేయొద్దని బతిమాలుతున్నాను. గాట్లలోకి దిగిన రంగు తర్వాత పూర్తిగా రాదు.

ఎక్కడ కొనాలి?

హైదరాబాద్‌లో గురువారం జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత పాత సామానుకు తెలిసిన చోట్లు. పాత ఇళ్లు పడగొట్టే కాంట్రాక్టర్ల దగ్గర తలుపులు, దూలాలు దొరుకుతాయి. చెట్టినాడు వస్తువులు కావాలంటే తమిళనాడులోని కారైకుడి. పొద్దున్నే వెళ్లండి, టార్చిలైటు, టేపు, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. ఇంటి తలుపు, లిఫ్టు కొలతలు ముందే రాసుకుని ఉంచండి.

బాగుచేసి అమ్మితే మిగులుతుందా?

మిగులుతుంది, కానీ రవాణా తినేస్తుంది. లెక్క చూపడానికి ఒక ఉదాహరణ: 1,500 పెట్టి కుర్చీ కొన్నారు. ఆటో 500, అతుకులు 800, పాలిష్ 1,200, సీటు 1,000. అప్పటికే 5,000 అయింది. ఇందులో మీ సమయం, ఫొటోలు, అమ్ముడయ్యేదాకా ఉంచిన చోటు అద్దె లేవు. 6,000కు అమ్మితే లాభం వచ్చినట్టు కనిపిస్తుంది గానీ రాలేదు. ఒక్కో వస్తువు కాక, ఒకే ఆటోలో నాలుగు తెచ్చి, పాలిష్ మేస్త్రీకి నాలుగూ ఒకేసారి ఇస్తే లెక్క మారుతుంది. చిన్నవి త్వరగా పోతాయి: స్టూళ్లు, పక్కబల్లలు, అద్దం చట్రాలు. పెద్ద బీరువాలు, పందిరి మంచాలు ఎదురుచూపు పెడతాయి.

కొనేవాళ్లకు నిజం చెప్పండి. ఏ కాలు కొత్తది, ఏ పలక మార్చారు, పురుగుకు ఏ మందు పెట్టారు అన్నది కాగితం మీద రాసివ్వండి, బాగుచేయకముందు తీసిన ఫొటో జతచేయండి. వందేళ్లనాటిదని రుజువు లేకుండా అనకండి. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లకు పాత వస్తువుల వ్యాపారంలో కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టే పద్ధతి ఉంది. బాగుచేయడం వల్ల వస్తువు స్వరూపం మారకపోతేనే అది వర్తిస్తుంది కాబట్టి ఆడిటరుతో మాట్లాడుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు నాయనమ్మ పెట్టె పంపించవచ్చా?

ముందు దాని వయసు చూడాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. చెక్కడాలున్న పాత వస్తువు అనుమానంగా ఉంటే, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి తీసుకున్నాకే ప్యాకింగు చేయించండి. జిట్రేగి అయితే మరో సంగతి: ఆ జాతి చెట్లన్నీ 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం జాబితాలో ఉన్నాయి, బరువైన వస్తువుకు ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. టేకుకు ఆ చిక్కు లేదు.

ప్యాకింగుకు వాడే చెక్క పెట్టెకు వేడితో శుద్ధి చేసిన ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. ఆస్ట్రేలియాకు పంపేటప్పుడు పురుగు రంధ్రాల విషయంలో మరీ జాగ్రత్త, అక్కడి తనిఖీ కఠినం. కాళ్లు విప్పగలిగితే విప్పించి, ఏ కాలు ఏ మూలదో అడుగున పెన్సిల్‌తో అంకెలు వేసి పంపండి.